తెరవని ప్యాకెట్లు

జులై 21, సోమవారం. పొద్దంతా ముసురు. డ్యూటీకి పోయే ముందు ఇంటి రేకుల మీద కవరు పరిచి రాళ్లు పెట్టాను.

వాళ్లమ్మ పోయినప్పటి నుంచి శైలజకు నెలనెలా ప్యాడ్స్ తెచ్చేది నేనే. తను అడగదు, నేను చెప్పను. తెచ్చి బట్టల అల్మారాలో పెడతాను, అంతే. ఇవాళ మెడికల్ షాపు సలీం భాయ్ నన్ను చూడగానే పేపర్లో చుట్టేశాడు. "బిడ్డది తీస్కో అన్నా. జల్దీ పో, వాన పెద్దగైతది."

ఇంటికొచ్చి అల్మారా తీస్తే మే నెలది, జూన్‌ది రెండూ సీలు విప్పకుండానే ఉన్నాయి.

వెనక శైలజ నిలబడి ఉంది. "మస్తున్నయి నాయినా, మళ్ల ఎందుకు తెచ్చినవ్?" అంది. నా వైపు చూడలేదు.

పెళ్లికాని పిల్లను, నెల తప్పావా అని తండ్రి ఎలా అడుగుతాడు? ఆ మాట నోటిదాకా వచ్చింది. "అన్నం తిన్నవా బిడ్డా?" అన్నాను.

"ఆకలైతలేదు."

వాళ్లమ్మ అయితే మే నెలలోనే అడిగేది.

ఇప్పుడు నేనిది రాస్తుంటే శైలజ గడప దగ్గరికొచ్చి నిలబడింది. "రాసుడు అయినంక నీకొక మాట చెప్పాలె నాయినా," అంటోంది. ఒక్క పని రాయాల్సి ఉంది, రాసి వస్తానన్నాను. సాయంత్రం మోటారు వేసి... ఇది రేపు రాస్తాను, ముందు బిడ్డ మాట వినాలి.