మిర్చి ఘాటుకు దగ్గినా కరోనాయేనట

కేసముద్రం, మంగళవారం రాత్రి

నాతోపాటు యార్డులో బస్తాలు మోసే మల్లేశన్న నన్ను నిలువునా ముంచాడు. కరోనా అంతా నాటకమని, మార్కెట్ యార్డులోకి యంత్రాలు దింపి హమాలీలను వెళ్లగొట్టడానికే ఇదంతా ఆడుతున్నారని, పరీక్ష పేరుతో ముక్కులో పెట్టే పుల్లతోనే రోగం ఎక్కిస్తారని నాకు వీడియోలు పంపింది అతనే.

ఈరోజు మిర్చి బస్తా ఎత్తుతూ దగ్గాను. ఆ ఘాటుకు దగ్గని హమాలీ ఎవడు? మా హమాలీల మేస్త్రి మాత్రం నాలుగడుగులు వెనక్కి జరిగి, "పరీక్ష చేయించుకున్నోళ్లే రేపటి సంది లోపలికి రావాలె. లేకుంటే నీ జాగల ఇంకొకన్ని పెట్టుకుంట" అన్నాడు.

"ఆ పుల్ల నేను పెట్టించుకోను" అని అందరి ముందు అరిచాను. అన్న నా వైపు నిలబడతాడనుకున్నాను. అతను ఫోన్ తీసి మేస్త్రికి చూపించాడు. "నాకు రోగం లేదని వచ్చింది. మొన్ననే డోర్నకల్ దవాఖానకు పోయొచ్చిన."

"ఏందన్నా గిది?" అన్నాను.

"పిల్లలున్నోన్ని తమ్మీ" అని బస్తా భుజానికెత్తుకున్నాడు.

పరీక్షకు పోతే రోగం ఎక్కిస్తారేమోనని భయం, పోకపోతే పని పోతుంది. యంత్రం సంగతి అబద్ధమని కూడా అనుకోలేను. బస్తాలు మోసే బెల్టు యంత్రం షెడ్డులోకి రావడం నేనే కళ్లారా చూశాను. మరి మిగతాది?

ఇప్పుడే అన్నకు మెసేజ్ పెట్టాను. "ఆ వీడియోలు అబద్ధమైతే నాతోని దవాఖానకు రా. నిజమైతే ఆ పుల్ల పెట్టించుకొని నువ్వెట్ల మంచిగున్నవో చెప్పు. రేపు పొద్దుగాల గేటు తెరిచేలోపు నాకు జవాబు కావాలె."