ఇద్దరికీ ఒకే ఆపరేషన్

బావకి,

పెళ్లయిన కొత్తలో కాఫీ పెట్టడం నేర్చుకుంటానని మా చెల్లికి మాట ఇచ్చావు. నలభై ఏళ్లయినా నీకింకా స్టవ్ వెలిగించడం రాలేదు.

కిందటేడు నీకు గుండె ఆపరేషన్ అయినప్పుడు నర్సు మా చెల్లిని పిలిచి జాగ్రత్తలన్నీ చెప్పింది. మూడు నెలలు మహారాజులా పడుకున్నావు. నువ్వు దగ్గినప్పుడల్లా కుట్లు కదలకుండా నీ ఛాతీకి దిండు అదిమి పట్టింది కూడా మా చెల్లే. ఈ ఏడు దానికీ అదే ఆపరేషన్ అయింది. నర్సు జాగ్రత్తలు మళ్లీ దానికే చెప్పింది, ఎందుకంటే నువ్వు క్యాంటీన్‌లో ఉన్నావు. ఇంటికెళ్లిన వారానికే తడిబట్టల బకెట్టు ఎత్తింది. కుట్లు విడిపోయి, చీము పట్టి మళ్లీ వార్డుకొచ్చింది.

"ఎందుకెత్తావే?" అని అడిగితే, "ఆయనకి నడుం నొప్పి కదా అన్నయ్యా" అంది. నువ్వు నడుం వంచగా నేనెప్పుడూ చూడలేదు, నొప్పెలా వచ్చిందో!

దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను. ఈ ఆపరేషన్ తర్వాత ఆడవాళ్లకే ఎక్కువ చిక్కులట. రక్తనాళాలు సన్నమట, ఆస్పత్రికి ఆలస్యంగా వస్తారట. ఆలస్యంగా రాక ఏం చేస్తారు మరి! అది ఆయాసపడుతుంటే ఆరు నెలలు గ్యాసని సోడా తాగించిన ధన్వంతరివి నువ్వే కదా.

ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కదన్నాడు డాక్టరు. అందుకే వార్డు నుంచి దాన్ని తిన్నగా మా ఇంటికి తీసుకెళ్తున్నాను. చొక్కా ఎక్కడుందని దానికి ఫోన్ చెయ్యకు.

డాక్టరు నాళాలదే తప్పంటాడు. అది తన ఒంటిదే తప్పంటుంది. నేను మాత్రం నీదే అంటాను, బావా.