బొంత దాటొద్దన్నాను

ఆదివారం రాత్రి, మార్కాపురం

ఒంగోలు జిమ్నాస్టిక్స్ పోటీల నుంచి పిల్లల్ని తెచ్చి ఇళ్ల దగ్గర దింపాను. నిద్ర రావడం లేదు.

బడి వెనక మా ప్రాక్టీసంతా మా జట్టులోని రేష్మా వాళ్లమ్మ పాత చీరలతో కుట్టిచ్చిన బొంతల మీదే. బొంతలు అయిపోయిన చోట పలకల ఫ్యాక్టరీ వాళ్లు పారబోసిన రాతిముక్కలు. అందుకే రోజూ గొంతు చించుకునేదాన్ని, "బొంత దాటితే కాళ్లు తెగుతాయి, ఆడికే ఆగండి" అని.

ఈరోజు అంత పెద్ద మెత్తటి మ్యాట్ మీద రేష్మా ఎంత బాగా మొదలుపెట్టిందో! రెండు పల్టీలు కొట్టింది. మూడోది కొట్టాల్సిన చోట టక్కున నిలబడిపోయింది. ముందు ఇంకా బోలెడు చోటుంది. మార్కులు పోయాయి.

అందరిలోనూ అరిచేశాను. "ఏందే, అంత చోటు పెట్టుకొని ఆగిపోయినావు?"

తను ఏడవలేదు. కాళ్ల వైపు చూసుకుంటూ అంది, "మన బొంత అంతవరకే గద టీచర్."

నేను ఆ పిల్లకి పల్టీలు నేర్పానో, భయమే నేర్పానో...

తిరుగు బస్సులో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. పొదిలి దాటాక చూశాను. తన వైపు సీటంతా ఖాళీగా ఉన్నా, నిద్రలో కూడా కాళ్లు లోపలికి ముడుచుకునే ఉంది.