కొట్టివేత లేని ఉత్తరాలు

ప్రియమైన మాస్టారికి,

రైలు దిగి రెండు రోజులైంది. గదిలో ఒక మంచం, ఒక బల్ల, బల్ల మీద ఆరు పెట్టెల ఆసుపత్రి కాగితాలు. ఆసుపత్రి నిర్లక్ష్యం వల్ల కాన్పులో బిడ్డకి ఊపిరి ఆలస్యంగా అందిందని, అందుకే నాలుగేళ్ళొచ్చినా వాడు నిలబడలేకపోతున్నాడని నేను రుజువు చేయాలి. వాడి అమ్మ రోజూ నా వెనక కుర్చీలోనే కూర్చుంటుంది. నేను కాగితం తిప్పితే చాలు, ఊపిరి బిగబట్టుకుంటుంది.

కేసు అయ్యేదాకా ఫోన్ వద్దు, ఉత్తరాలే అన్నది నేనే. మీ గొంతు వింటే మర్నాడు కోర్టులో నా బుర్ర పనిచేయదు మరి. ఇప్పుడు నాలుక కరుచుకుంటున్నాను. వంటింటి కొళాయి బాగు చేయించారా? మెడనొప్పి ఎలా ఉంది? చేతి తిమ్మిరి?

మీ కోసం మొహం వాచిన
లాయరమ్మ

ప్రియమైన లాయరమ్మకు,

ఇక్కడంతా భేషుగ్గా ఉంది. మెడనొప్పి తగ్గింది. బళ్ళో నేను గీసిన ఏనుగుని చూసి పిల్లలు పంది అన్నారు. డ్రాయింగు మాస్టారికి ఇంతకన్నా ఏం గౌరవం కావాలి! సాయంత్రాలు నువ్వు లేని కుర్చీకి ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను. నా గురించి కంగారుపడి రావద్దు. ఆ తల్లికి నువ్వు కావాలి.

నీ మాస్టారు

ప్రియమైన మాస్టారికి,

మీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను, నవ్వకండి. కొళాయి సంగతి మాత్రం ఎగ్గొట్టారు.

ఈరోజు ఒకటి దొరికింది. కాన్పు రోజున బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి విని నర్సు నింపిన పట్టిక. పదహారు అంకెలు. ఒకే పెన్ను, ఒకే వాలు, ఒక్క కొట్టివేత లేదు. ఎనిమిది గంటలు మంచాల మధ్య పరిగెత్తిన చెయ్యి ఒక్కసారైనా తడబడదా? తర్వాత తీరిగ్గా కూర్చుని నింపేసిందని నా అనుమానం. వచ్చే వారం ఆవిడని బోనులో అడుగుతాను.

ఈ పూట మీరుంటే నా తల నిమిరేవారు. కొళాయి!

మీ లాయరమ్మ

ప్రియమైన లాయరమ్మకు,

ఇక్కడంతా మామూలే. మెడ బాగుంది. నీ చీర ఒకటి తీగ మీదే ఉండిపోయింది, తీయబుద్ధి కావడం లేదు. గెలిచినా ఓడినా నువ్వు నా లాయరమ్మవే. కంగారుపడి రావద్దు.

నీ మాస్టారు

ప్రియమైన మాస్టారికి,

నర్సు ఒప్పుకుంది. "మధ్యలో మూడు గంటలు వెళ్ళలేకపోయానమ్మా. అంతా బాగానే ఉండి ఉంటుందనుకుని డ్యూటీ దిగేముందు రాసేశాను," అని బోనులోనే ఏడ్చేసింది. గెలుపు దాదాపు చేతికొచ్చినట్టే. నాకు మాత్రం సంతోషం వేయలేదు.

గదికొచ్చేసరికి మీ మూడో ఉత్తరం. మూడూ పక్కపక్కన పరిచాను. ఒకే పెన్ను. మొదటిదాని చివర సిరా పలచబడింది, రెండోది ఆ పలచటి సిరాతోనే మొదలైంది. ఒక్క కొట్టివేత లేదు, కొళాయి ఊసే లేదు. నా షరతు నేనే తప్పి ఫోన్ చేశాను. మనింట్లో ఫోన్ పక్కింటి పిన్నిగారు ఎత్తి, "బజారుకెళ్ళాడమ్మా" అన్నారు, ఏడుపు గొంతుతో. పక్కింటాయన బజారుకెళ్తే ఎవరైనా ఏడుస్తారా?

ఇవన్నీ ఏ రోజు కూర్చుని రాశారు? మీకేమైంది? ఇంకో నాలుగు రోజుల్లో చివరి వాదన. మా గుమాస్తాగారితో ఈ ఉత్తరం పంపుతున్నాను. జవాబు చేతిలో పడేదాకా ఆయన అక్కణ్ణుంచి కదలరు. నాకు భయంగా ఉంది.

మీ లాయరమ్మ

ప్రియమైన లాయరమ్మకు,

ఇది ఎడమ చేత్తో, ఆసుపత్రి మంచం మీద, ఇప్పుడే రాస్తున్నాను. కాగితం జారకుండా గుమాస్తాగారు పట్టుకున్నారు. కొట్టివేతలు లెక్కపెట్టుకో.

నువ్వు వెళ్ళడానికి ముందు రోజే డాక్టరు చెప్పాడు, మెడలో నరం నొక్కుకుపోయింది, ఆపరేషన్ చేయకపోతే కుడిచెయ్యి పడిపోతుందని. చేసినా కొన్ని వారాలు పెన్ను పట్టలేనన్నాడు. నీకు చెబితే కేసు వేరేవాళ్ళకిచ్చి వచ్చేసేదానివి. అందుకే నువ్వు రైలెక్కిన సాయంత్రమే ఆరు ఉత్తరాలు రాసి, వారానికొకటి పోస్టు చేయమని పిన్నిగారికిచ్చాను. మీ ఆవిడ ఏం చేస్తారని డాక్టరు అడిగితే, వంట అన్నాను. నీ పని తెలిస్తే కత్తి పట్టిన ఆయన చెయ్యి వణుకుతుందేమోనని!

ఆపరేషన్ అయ్యాక రెండు వేళ్ళు కదులుతున్నాయి. బొటనవేలు ఇంకా లేవలేదు. మళ్ళీ బొమ్మ గీయగలనో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. నాకూ భయంగానే ఉంది.

కొళాయి ఇంకా కారుతోంది. వాదన పూర్తి చెయ్యి. ప్రతి ఉత్తరంలోనూ రావద్దని రాశాను కదా, ఆ మాట మీద నువ్వే ఒక గీత గీసెయ్. వచ్చెయ్.

నీ మాస్టారు