నాయిన ఎడమకాలు

జూన్ 12
నాయిన ఎడమకాలు షుగర్ తినేసి రెండు నెలలు. మోకాలి కింద నుంచి తీసేశారు. ఇవాళ దుప్పటి మారుస్తూ, కాలు లేని చోట పరుపు మీద చెయ్యి ఆనించాను. "చెయ్యి తియ్యి బిడ్డా, పాదం నొక్కుకపోతున్నది." తీశాను. తీసినందుకు నా మీద నాకే కోపం.

జూన్ 14
డాక్టరును అడిగాను. మామూలేనట — కాలు పోయిన సంగతి మెదడుకు తెలియదట. సరే. కెమిస్ట్రీ చెప్పుకొని బతికేదాన్ని, నమ్ముతాను. కానీ పెట్టుడుకాలు తొడుక్కొని తొందరగా నిలబడకపోతే మోకాలు బిగిసిపోతుంది, ఇక జన్మంతా మంచమే అన్నాడు. నాయినకు ఉన్నదున్నట్టు చెప్పాను.
"ఉన్న కాలు మీద ఇంకో కాలెట్ల తొడుగుతరు?"
నవ్వులాటకు అనలేదు.

జూన్ 17
కొత్త ఫిజియో వచ్చింది. సౌజన్య. గుంటూరు వైపు అమ్మాయి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటుందట. నాయిన కాళ్ల మధ్య నిలువుగా అద్దం పెట్టింది. కుడికాలు అద్దంలో ఎడమకాలులా కనిపిస్తుంది, అది కదిలితే మెదడు మోసపోయి నొప్పి తగ్గుతుందట.
"అద్దంలోకి చూస్తూ బంతిని తన్నినట్టు కదపండి అంకుల్."
నాయిన చాలాసేపు చూశాడు. "ఇది నాది కాదమ్మా. కుడికాలే, ఎడమకాలు ఏషమేస్కొని వచ్చింది. దీనికి తన్నుడు రాదు."
ఒకప్పుడు కంపెనీ ఫుట్‌బాల్ టీంలో లెఫ్ట్ వింగ్, ఎడమ అంచున, ఆడిన మనిషి. కుడికాలు ఉత్తగ నిలబడనీకే అంటుండేవాడు. అద్దం ఓడిపోయింది.

జూన్ 18
నొప్పి. లేని వేళ్లు ముడుచుకుపోయాయట, విప్పమంటాడు. ఎట్లా విప్పాలి...

జూన్ 21
అద్దం బదులు ఫోను. సౌజన్య ఆలోచనే. పాతకాలం ఎడమకాలి ఆటగాళ్ల వీడియోలు వెతికి పెట్టింది. నాయినకు పేర్లు గుర్తుండవు, దేశాలే. హంగేరీ ఆయన — నలుపు తెలుపు బొమ్మ, బొద్దుమనిషి, కుడికాలును ఊరికే వెంట తిప్పుకుంటాడు. బ్రెజిల్ ఆయన తన్నితే అడ్డం నిలబడ్డవాళ్ల పక్కనుంచి బంతి వంకర తిరిగి పోతుంది. అర్జెంటీనా పొట్టాయన. రుమేనియా ఆయన.
"గీళ్లందరు మావోళ్లే బిడ్డా. చిన్నప్పుడు గీళ్లను గూడ కుడికాలు పెట్టి లోపలికి రా అని కొట్టిండ్రో ఏమో."
వేళ్లు విచ్చుకున్నాయట. ఆకలన్నాడు. ఎన్నాళ్లకు ఆ మాట విన్నాను. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

జూన్ 24
ఒకటి గమనించాను. వీడియోలో ఆటగాడు తన్నేముందు నాయిన కట్టు కట్టిన మోకాలు ఎగురుతుంది. తన్నాక కాదు — ముందు. ఎన్నడూ చూడని ఆటలకు కూడా.

జూన్ 25
పరీక్ష పెట్టకుండా ఊరుకునే రకం కాదు నేను. కుడికాలి ఆటగాణ్ని పెట్టాను. మోకాలు కదల్లేదు. అదే వీడియోను కుడిఎడమలు తిప్పి పెట్టాను, ఇప్పుడు చూసేవాళ్లకు అతను ఎడమకాలి వాడే. కదల్లేదు. హంగేరీ ఆయన్ను తిప్పి కుడికాలి వాణ్ని చేశాను.
ఎగిరింది.
తన్నే తీరు చూసి నాయిన పసిగడుతున్నాడులే అనుకొని మొహం వైపు చూశాను. నిద్రపోతున్నాడు. సన్నగా గురక. ఎప్పుడు పడుకున్నాడో తెలియదు.
ఫోను బోర్లించాను. సౌజన్యకు చెప్పలేదు. ఏమని చెప్తాను?

జూన్ 26
క్లాసులో ప్రతిబింబ అణువుల పాఠం — కుడి ఎడమ చేతుల్లా, ఒకదాని మీద ఒకటి పెడితే అమరనివి. సగంలో ఆగిపోయాను. "తబియత్ మంచిగ లేదా మేడమ్?" అని ముందు బెంచీ అమ్మాయి.

జూలై 1
నాలుగు రోజులు వీడియోలు బంద్ చేశాను. భయమేసి. నొప్పి మళ్లీ మొదలు. పోనీ, భయమైతే నాది, నొప్పి ఆయనది. "పెట్టుడుకాలు తొడుక్కుంటానంటే వీడియోలు పెడతా" అన్నాను.
"బ్లాక్‌మెయిల్ జేస్తున్నవా?"
"అవును."
"మీ అమ్మ పోలికే." ఒప్పుకున్నాడు.

జూలై 5
పెట్టుడుకాలు తెచ్చారు. నాయిన దానివైపు చూడడు. సౌజన్య మంచం పక్కన కింద కూర్చుంది. "మీ కాలు మీకుంది కదండీ అంకుల్. దాన్నే మెల్లగా ఇందులోకి దించండి, మేజోడులోకి దించినట్టు."
కళ్లు మూసుకున్నాడు. పెదాలు బిగించి ఎంతసేపో. "దిగింది" అన్నాడు. "జర టైటుగున్నది, ఏం కాదు."
నాకు భయమేసింది. సంతోషం కూడా. రెండూ ఒకేసారి.

జూలై 8
నిలబడ్డాడు. వాకర్ పట్టుకొని, నిటారుగా. ఇంత పొడుగని మరిచేపోయాను. సౌజన్య చప్పట్లు కొట్టింది.
"బిడ్డా, ఎడమ పాదం మీద చీమ పాకుతున్నది, తియ్యి."
నవ్వుతూ వంగాను. ప్లాస్టిక్ వేళ్ల మీద, నిజంగానే చీమ.

జూలై 9
ఏమీ రాయాలని లేదు.

జూలై 11
పొద్దున వాకర్ వదిలేసి నడిచాడు. హాలు నుంచి బాల్కనీ దాకా. నేను వెనకే, చేతులు చాపి. "గచ్చు సల్లగున్నది. వాన పడ్డదా?" ప్లాస్టిక్ పాదమే ముందు బాల్కనీలో పెట్టాడు. అవును, తడిగానే ఉంది.
అప్పుడు కిందికి చూశాను. హాలంతా ఎర్రగా మచ్చలు, అడుగు విడిచి అడుగు. కుడిపాదానివి.
కూర్చోబెట్టి ఆ పాదం ఎత్తి చూశాను. మడమలో గాజు పెంకు, సగం దాకా. లాగాను. నాయిన రోడ్డు మీద పోయే బస్సులను చూస్తున్నాడు. మొహంలో చిన్న మార్పు కూడా లేదు.
"నొప్పి లేదా?"
"ఏడ?"
బొటనవేలు గిల్లాను. గట్టిగా, గోరు దిగేలా. వేలి చివర నల్లగా ఉంది, ఎడమకాలికి మొదలైనట్టే. ఇన్నాళ్లూ ఎడమవైపే చూస్తూ నేను చూడలేదు.
"గిల్లుతున్నా నాయినా."
"అవునా" అన్నాడు. మర్యాదకు, పక్కింటి వాళ్ల సంగతి విన్నట్టు.
కట్టు కట్టాను. డాక్టరు ఫోన్లో అన్నాడు — ఆ కాలు మీద బరువు వెయ్యకూడదు, రేపే తీసుకురండి, చూద్దాం. ఏం చూస్తాడో నాకు తెలుసు. నడిపిస్తే ఈ కాలూ పోతుంది. ఆపితే మంచం.
ఆయనకింకా చెప్పలేదు. పొద్దటి నుంచి కూనిరాగం తీస్తున్నాడు. ఇప్పుడే పిలిచాడు, "బిడ్డా, ఇంకో రౌండ్ కొడ్త, రా." వస్తున్నా, కూర్చో అన్నాను. ఇది రాస్తూ కూర్చున్నాను.
హాల్లో కుర్చీ జరిగింది. లేస్తున్నాడు.