ముక్కులు బయటికి చూడాలట

మినెసోటా,
ఫిబ్రవరి, ఆదివారం

అన్నయ్యకు నమస్కారాలు. వదిన నడుము నొప్పి ఎలా ఉంది? పిల్లలు చదువుతున్నారా, నీ ట్రాక్టర్ల షెడ్డులోనే తిరుగుతున్నారా? బీపీ మాత్ర మానకు. మానేస్తే ఇక ఫార్మసిస్టు చెల్లెలు ఉండి ఏం లాభం?

నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. చలి సంగతి అడగకు. తడి జుట్టుతో చెత్త పడేయడానికి వెళ్తే జుట్టు పుల్లల్లా బిగుసుకుపోయింది. పప్పుచారు ఒకసారి కాస్తే మూడు రోజులు అదే. ఆసుపత్రి మందుల కౌంటర్లో రోజంతా మాట్లాడతాను గానీ, ఇంటికొచ్చాక నోరు విప్పే పనే లేదు. మొన్న గిన్నెతో మాట్లాడుతూ నాకు నేనే దొరికిపోయాను. భయమేసింది అన్నయ్యా.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "ఏముందే అక్కడ, వచ్చెయ్" అంటావు. ఉండగలనో లేదో తెలియక నాతో నేనే ఒక పందెం వేసుకున్నాను. ఇక్కడ మా ఆసుపత్రి వాళ్లు ఆదివారాలు స్నోమొబైళ్ల మీద గడ్డకట్టిన చెరువు దాటి అవతలి హోటల్‌కి వెళ్తారు. మంచు బండి అన్నమాట. వెనక తిరిగే రబ్బరు పట్టా, ముందు చక్రాల బదులు మంచు మీద జారే రెండు పొడుగాటి స్కీలు. వాళ్లతో కలిసి వెళ్లగలిగితే ఉంటాను, లేదంటే పెట్టె సర్దేస్తాను.

ఎదురింటి డోరిస్‌గారు, చనిపోయిన తన భర్త బండి ఇచ్చారు. మొదటి ఆదివారం హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోయింది. భుజాలు పడిపోయాయి. అందరూ ముందుకు వెళ్లిపోతే నేను సగం దారిలో వెనక్కి తిరిగి, ఇంటికొచ్చి ఏడ్చాను.

మర్నాడు టేపు తీసి స్కీల మధ్య దూరం కొలిచాను. వెనక కొసల దగ్గర కంటే ముందు కొసల దగ్గర పావు అంగుళం ఎక్కువ! దొరికాడు దొంగ అనుకున్నాను. ట్రాక్టర్ ముందు చక్రాల ముక్కులు కాస్త లోపలికి చూడాలని నువ్వే కదా నేర్పావు. నట్లు వదులు చేసి లోపలికి తిప్పాను. నీ ఆచారం ప్రకారం స్కీల కింద రెండు నిమ్మకాయలు కూడా పెట్టాను. అవి చలికి రాళ్లయిపోయి, చితక్కుండా ఎగిరి పడ్డాయి. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. బండి అటూ ఇటూ లాగి నన్ను మంచుగుట్టలో పడేసింది. దెబ్బలేం తగల్లేదులే.

డోరిస్‌గారు పరుగున వచ్చారు. "ఇలా బిగించమని ఎవరు చెప్పారు?"

"మా అన్నయ్య. మా ఊళ్లో తనని మించిన మెకానిక్ లేడు."

"అయితే ఆయన మంచు చూసి ఉండడు. స్కీల ముక్కులు కాస్త బయటికే చూడాలి."

నేను తిప్పక మునుపు ఉన్నదే సరైనదట! అసలు జబ్బు అడుగున ఉంది. స్కీ కింద మంచును కరుచుకునే కడ్డీ ఉంటుంది, కార్బైడ్ అంటారు. అది అరిగి మొద్దుబారిపోయింది, అందుకే బండి తిరగలేదు. స్కీలు మళ్లీ బయటికి తిప్పి, రెండు వైపులా కొత్త కార్బైడ్లు బిగించాం.

ఇవాళ వెళ్లొచ్చాను అన్నయ్యా! హ్యాండిల్ కొంచెం కదిపితే చాలు, బండి మాట వింటోంది. అవతలి ఒడ్డున అందరూ చప్పట్లు కొట్టారు. నేను హెల్మెట్ తీసి, "చూశావా అన్నయ్యా" అని పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు.

వదినను అడిగి కాస్త కందిపొడి పంపించు. పెద్దమ్మకు నా దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు.

పందెం గెలిచాను కాబట్టి ఉంటాను. ఒక్కటే అడుగుతున్నాను. ఈ చలి పోయేదాకా ఫోన్‌లో "వచ్చెయ్" అనకు. ఇంకొక్కసారి అంటే వచ్చేస్తాను.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
రమణి