తాత కట్టాడా, కట్ చేశాడా

నోవై,
ఫిబ్రవరి 11, 2025

బావగారు వెంకటస్వామి గారికీ, అక్కకీ పేరయ్య నమస్కారాలు.

నా రాత కోడి గెలికినట్టుంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే సర్దుకుని చదవండి. ఫోన్‌లో నాకు మాట పెగలదని తెలుసుగా.

కిడ్నీలు పాడై, ఇంట్లోనే డయాలసిస్ చేసుకోడానికి పొట్టలో గొట్టం వేయాలంటే మీరు వద్దంటున్నారట. ఇంట్లో అది పగిలితే గతేమిటని అడిగారట. అక్క చెప్పింది. నాది పగిలింది బావగారూ. నేను బాగున్నాను.

మొన్న గురువారం పొద్దున ప్లాస్టరు మార్చుకుంటుంటే పంచె తడిసింది. చూస్తే గొట్టానికి చిల్లు. ఇది పీకేస్తే వారానికి మూడుసార్లు సెంటర్‌కి పోయి రక్తం కడిగించుకోవాలి. ఆ సూదులంటే నాకు వణుకు. నర్సమ్మ నేర్పినట్టే చిల్లుకీ పొట్టకీ మధ్య గొట్టాన్ని నొక్కిపట్టే క్లాంపు బిగించాను. ఊడుతుందేమోనని పైన గాజుగుడ్డ కట్టాను. పొట్టలోకి ఎక్కించుకునే మందునీళ్ళ సంచి ముట్టుకోలేదు.

మంచు పడి స్కూల్ లేదు, ఇంట్లో మనవరాలు ఇషా ఒక్కతే ఉంది. గొట్టం కట్టానని నర్సమ్మకి చెప్పమన్నాను. అది ఇంగ్లీషులో, తాత ట్యూబ్ కట్ చేశాడని చెప్పింది! నర్సమ్మ కెవ్వుమని దమయంతికి ఫోన్ చేసింది. దమయంతి ఆఫీస్ నుంచి మంచులో డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, నీకేం పోయేకాలం నాన్నా, ఎందుకు కోసుకున్నావని ఒకటే ఏడుపు. నేను కట్టాను కట్టాను అంటాను. ఇషా, అదే కదా నేనూ చెప్పాను, కట్ అని, అంటుంది.

క్లినిక్‌లో నర్సమ్మ నా మూట చూసి, బర్త్‌డే గిఫ్ట్‌లా చుట్టాడే అని నవ్వింది. మాస్కు పెట్టుకుని, గొట్టాన్ని మందుతో తుడిచి, చెడిన ముక్క కోసేసి కొత్త మూతి తగిలించింది. బయట గొట్టం ఇంకా చాలినంత ఉంది, పీకక్కర్లేదంది. చీము పట్టకుండా మందిచ్చారు. నొప్పి లేదు. దారిలో దోసెలు తిని ఇంటికొచ్చాం.

ఇప్పుడు అందరూ ఇషా తెలుగుని వెక్కిరిస్తున్నారు. అది మూతి ముడుచుకుని, ఇక తెలుగు మాట్లాడనంది. ఇంట్లో నాతో తీరిగ్గా మాట్లాడేది అదొక్కతే.

మీరు భయం మాని వేయించుకోండి. ఏమనుకున్నారో వెంటనే రాయండి, ఎదురు చూస్తుంటాను.

మీ బావమరిది
పేరయ్య

తా.క. కవరు అంటించబోయి ఆగాను. గొట్టం దగ్గరికి కత్తెర మాత్రం రానివ్వకండి. ఆ చిల్లు దానంతటది పడలేదు. ప్లాస్టరు ఊడకపోతే కత్తెర పెట్టాను, గొట్టం కాస్త తెగింది. పిల్ల తప్పు తెలుగుతోనే నిజం చెప్పేసింది. ఇందాక టిఫిన్ల దగ్గర అందరి ముందూ ఒప్పేసుకున్నాను. దమయంతి కత్తెర దాచేసింది. ఇషా మళ్ళీ తెలుగు మాట్లాడుతోంది, ఆపమన్నా ఆపడం లేదు.